అన్నా, జర వదులుండ్రి

సూర్యాపేట,
నవంబరు 11

పెద్దనాన్నకు వందనాలు.

ఫోన్లో మాట్లాడుకుంటే మూడో మాటకే ఇద్దరం గొంతులు పెంచుతున్నామని, ఇక ఉత్తరాలే రాసుకోమని పెద్దమ్మ తీర్పు చెప్పింది కదా. మంచిదే. ఉత్తరంలో అయితే మీరు మధ్యలో అడ్డు తగలలేరు. నా మాట చివరిదాకా చదివి తీరాలి.

నిన్న దామరచర్ల వాళ్లతో ఫుట్‌బాల్ లీగ్‌లో మన మొదటి మ్యాచ్ జరిగింది. ఐదు, సున్నా. ఐదు వాళ్లవి. మీరు ఇరవై ఆరేళ్లు పెంచి, మోకాళ్లు అరిగిపోయి నా చేతుల్లో పెట్టిన జట్టు ఇది. తమ్ముడి బిడ్డ పంజాబ్ వెళ్లి కోచింగ్ కోర్సు చేసి వచ్చింది, ఇక జట్టుకు ఢోకా లేదని ఊరంతా చెప్పుకున్నారు మీరు. ఇప్పుడు ఊరంతా నన్నే చూస్తోంది.

ఆ గోల్స్ వాళ్లు వేశారనడం కూడా తప్పే. మనమే ఇచ్చాం. బంతి గాల్లో వస్తుంది. గోల్ ముందు అడ్డం నిలబడే మన స్టాపర్ సోమన్న దాని కిందికి వెళ్తాడు. గోల్‌కీపర్ నాగేందర్ కూడా వెళ్తాడు. ఇద్దరూ ఆగి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, పెళ్లి భోజనాల దగ్గర "ముందు మీరు కూర్చోండి" అనుకున్నట్టు. వెనకాల దామరచర్ల అబ్బాయి వచ్చి తీరిగ్గా తన్నుకుపోతాడు. నేను గ్రౌండు గీత బయట నిలబడి జుట్టు పీక్కోవడం ఒక్కటే తక్కువ.

ఆరు జట్లలో ఆఖరున మిగిలినదాన్ని వచ్చే ఏడాది లీగ్‌లోకి తీసుకోరని మీకు తెలుసు. లీగ్‌లో లేని జట్టుకు కాలేజీ గ్రౌండు ఇవ్వరు. క్రికెట్ అకాడమీ వాళ్లు సాయంత్రాలు వచ్చి అప్పుడే టేపులు పట్టి కొలుస్తున్నారు. గ్రౌండు పోతే జట్టు ఖతం. ఏం చేయమంటారో రాయండి. తిట్టాలనుంటే ఆ భాగం పెద్దమ్మకు చూపించకుండా రాయండి.

కృప


మిర్యాలగూడ,
నవంబరు 16

కృపకు, మీ పెద్దనాన్న దీవించి రాయునది.

తిట్టిన భాగం మీ పెద్దమ్మ పట్టుకుంది. చింపించింది. ఇది రెండోసారి రాస్తున్న ఉత్తరం.

సోమన్న గారిని ఏమీ అనకు. మార్కెట్ యార్డులో పగలంతా బస్తాలు మోసి, సాయంత్రం బూట్లు కట్టుకుని వచ్చే మనిషి ఆయన. ఆయన అడ్డం నిలబడితే లారీ కూడా పక్కకు తిప్పుకుని పోతుంది. నాగేందర్ గారి చేతులు కూడా మంచివే. మొబైల్ షాపులో ఆ చిన్న చిన్న స్క్రూలు పట్టుకునే చేతులు అవి, ఇంత పెద్ద బంతి పట్టుకోలేవా? తప్పు వాళ్లలో లేదు. నువ్వు పంజాబ్‌లో నేర్చుకున్న గీతలూ బాణాలూ బోర్డు మీద గీసి వాళ్లను పరేషాన్ చేస్తున్నావు. ముందు పరుగు పెట్టించు. తర్వాత బంతి ఇవ్వు. నేను ఇరవై ఆరేళ్లు అదే చేశాను.

క్రమశిక్షణ మాత్రం చెడగొట్టకు. మన జట్టుకు ఆట లేదన్నవాళ్లు ఉన్నారు గానీ, మర్యాద లేదన్నవాళ్లు జిల్లాలో ఒక్కరూ లేరు.

గోల్స్ ఎట్లా పడ్డాయో మాత్రం దగ్గరుండి చూసి సరిగ్గా రాయి. వెక్కిరింపు వద్దు.

పెద్దనాన్న


సూర్యాపేట,
డిసెంబరు 8

పెద్దనాన్నకు వందనాలు.

మీరు చెప్పినట్టే పరుగు పెట్టించాను. ఇప్పుడు మనవాళ్లు తప్పు చోటికి కూడా త్వరగా చేరుకుంటున్నారు. రెండో మ్యాచ్ మీ ఊరి వాళ్లతో పోయింది. మూడోది నిన్న నడిగూడెం వాళ్లతో. అదీ పోయింది.

కానీ నిన్న మీరు చెప్పిన రెండో పని కూడా చేశాను. గీత దగ్గర కాకుండా మన గోల్ వెనకకు వెళ్లి నిలబడి చెవులు రిక్కించి విన్నాను. పెద్దనాన్నా, ఏమీ వినబడలేదు. ఏ జట్టు డిఫెన్స్ అయినా సంతలా అరుచుకుంటుంది. మనది ఆదివారం ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పటికంటే నిశ్శబ్దంగా ఉంది.

చివరికి ఒక్కసారి నాగేందర్ నోరు తెరిచాడు. బంతి పైనుంచి వస్తోంది. సోమన్న వెనక్కి నడుస్తున్నాడు. "అన్నా, జర వదులుండ్రి, నేను పట్టుకుంట" అన్నాడు. "అన్నా" అన్నప్పుడు బంతి గాల్లో ఉంది. "జర వదులుండ్రి" అనేసరికి సోమన్న తలకు తగిలింది. "పట్టుకుంట" అనేసరికి మన నెట్‌లో ఉంది. ఇంత మర్యాదగా గోల్ ఇచ్చిన జట్టును నేను పంజాబ్‌లో కాదు గదా, ఎక్కడా చూడలేదు.

మ్యాచ్ అయ్యాక అడిగాను. వదులు అని ఒక్క మాట అరవడానికి ఏం రోగం నాగేందర్ అని. "అంత పెద్దమనిషిని పట్టుకొని వదులు అని ఎట్ల అంట మేడం? సారు మాకు గట్ల నేర్పలే" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. మీ గ్రౌండులో పదేళ్ల పిల్లలను కూడా మీరు "మీరు" అనేవారు. ఎవరైనా ఎవరినైనా "రా" అంటే ఆ రోజు వాళ్లను ఇంటికి పంపేసేవారు. చిన్నవాళ్లు పెద్దవాళ్లను అన్నా అనాలి, పెద్దవాళ్లు చిన్నవాళ్లను తమ్మీ అనాలి. మీరు వెళ్లిపోయినా ఆ రూల్ పోలేదు. మన గోల్స్ అన్నీ ఆ రూల్ గుండానే పడుతున్నాయి.

అందుకని సోమవారం నుంచి గీత లోపల అన్న లేడు, తమ్ముడు లేడు, పేరు పెట్టి పిలుచుకోండి అని చెప్పబోతున్నాను. బయటికి వచ్చాక కాళ్లకు మొక్కుకోనీ, నాకు అభ్యంతరం లేదు.

కృప


మిర్యాలగూడ,
డిసెంబరు 11

కృపకు.

వద్దు.

ఇంకేమైనా మార్చుకో. స్టాపర్‌ను ముందుకు పంపు, కీపర్‌ను మార్చు, అందరినీ తలకిందులుగా నిలబెట్టు. ఆ ఒక్క దాని జోలికి పోకు. ఎందుకని అడగకు.

పెద్దనాన్న

కృపా, ఇది రాసి అన్నం తినకుండా పడుకున్నాడు. ఈయన కోపం నాకు తెలుసు, ఇది కోపం కాదు. జర ఆగు బిడ్డా. — పెద్దమ్మ


సూర్యాపేట,
డిసెంబరు 21

పెద్దనాన్నకు వందనాలు.

మీ ఉత్తరం సోమవారం ప్రాక్టీసుకు ముందే అందింది. చదివి బ్యాగులో పెట్టుకుని, మీ మాట వినలేదు. ఇది దాచి వారం రోజులు ఊరుకున్నాను. మీకు వేరే ఎవరైనా చెప్పేలోపు నేనే చెప్పడం మంచిది.

అందరినీ నిలబెట్టి పేర్లతో పిలుచుకోమన్నాను. నాగేందర్ నోరు తెరిచాడు, గొంతు రాలేదు. చేపలా తెరుస్తూ మూస్తూ నిలబడ్డాడు. ఎడమ బ్యాక్ భాస్కర్ మాత్రం సంబరపడిపోయాడు. సోమన్న చెల్లెలి మొగుడు కదా, ఇన్నాళ్లకు అవకాశం దొరికింది. "ఒరేయ్ సోమిగా, జరుగు రా" అని అరిచాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేను కూడా నవ్వాను. అదే నేను చేసిన పొరపాటు.

సోమన్న నవ్వలేదు. గీత బయటికి వచ్చి బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "మేడం, గీ పిలుపు యార్డుల పొద్దుందాక ఇంటనే ఉంట. గీడ గూడ గదే ఇనాల్నంటే నేనెందుకు రావాలె?" అన్నాడు. అరవలేదు. చెప్పి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ప్రాక్టీసుకు రావడం లేదు.

నాలుగో మ్యాచ్ ఆయన లేకుండానే పెద్దవూర వాళ్లతో ఆడాం. గెలిచాం. సంతోషపడకండి, వాళ్ల బండి దారిలో చెడిపోయి సగం మంది రాలేదు. అయినా ఒక్క గోలే వేయగలిగాం. ఇక మిగిలింది ఫిబ్రవరి ఒకటిన కోదాడలో, కోదాడ వాళ్లతోనే. డ్రా చేసుకుంటే మనం లీగ్‌లో ఉంటాం, పెద్దవూర ఆఖరున పోతుంది. ఓడితే మనం పోతాం.

ఎందుకని అడగొద్దన్నారు. అడుగుతున్నాను. ఒక మనిషి ఒక్క పిలుపుకు బూట్లు విప్పి వెళ్లిపోయేంతగా మీరు వీళ్లకు ఏం నేర్పారు? తెలియకుండా నేను ఈ జట్టును నడపలేను. నాకు విసుగొస్తోంది పెద్దనాన్నా.

కృప


మిర్యాలగూడ,
డిసెంబరు 27

కృపకు, మీ పెద్దనాన్న రాయునది.

నువ్వు నా మాట వినలేదని తెలిసి ఒక రోజంతా మండిపడ్డాను. మీ పెద్దమ్మ "ఆ పిల్లకు చెప్పకుండా ఎట్ల తెలుస్తది? నువ్వేమన్న చెప్పినవా?" అంది. ఈ ఇంట్లో నా తరఫున మాట్లాడేవాళ్లు లేరు. సరే, రాస్తున్నాను.

నడిగూడెం దగ్గర మన ఊళ్లో మీ తాత పౌలు పెద్ద రైతుల పొలాల్లో పనిచేసేవాడని నీకు తెలుసు. నాకు పదకొండేళ్లప్పుడు ఒక రోజు ఆయనతో పాటు గట్టు మీద నడుస్తున్నాను. ఆయన తల అప్పటికే నెరిసింది. పటేలు మనవడు, ఆరేళ్లవాడు, బండి మీద కూర్చుని "ఒరేయ్ పౌలుగా, నా చెప్పులు అందియ్ రా" అన్నాడు. మా నాయన వంగి తీసి ఇచ్చాడు. "ఇగో దొరా" అన్నాడు. ఆ పిల్లవాడిది తప్పు కాదు, ఇంట్లో విన్నదే అన్నాడు. ఇంటికొచ్చి నేను ఏడిస్తే మా నాయన "పిలుపే గద బిడ్డా, దెబ్బ కాదు గద" అన్నాడు. నాకు దెబ్బే నయమనిపించింది.

బడిలో పీఈటీ ఉద్యోగం వచ్చి సూర్యాపేటలో ఈ పిల్లలను పోగు చేసినప్పుడు వాళ్లందరూ ఒరేయ్‌లే. హోటల్లో ఒరేయ్, మిల్లులో ఒరేయ్, బస్టాండులో ఒరేయ్. సోమన్న గారికి అప్పుడు పన్నెండేళ్లు. "మీరు స్టాపర్ ఆడండి" అన్నాను. ఎవరితో అంటున్నానో అని వెనక్కి తిరిగి చూశారు. వెనక ఎవరూ లేరు. ఆ రోజు ఎంత బాగా ఆడారో నీకు చెప్పలేను.

రోజు మొత్తంలో ఆ గంటన్నర వాళ్లను ఎవరూ రా అనకూడదు. నా రూల్ అంతే. దాని గుండా గోల్స్ పడుతున్నాయని రాశావు. పడితే పడనీ అని రాయాలనుంది. కానీ జట్టే పోతే ఆ గంటన్నర కూడా పోతుంది కదా. నాకు ఏమీ తోచడం లేదు. నీకు తోస్తే చెయ్యి. ముందు సోమన్న గారి దగ్గరికి వెళ్లు.

పెద్దనాన్న


సూర్యాపేట,
జనవరి 22

పెద్దనాన్నకు వందనాలు.

మీ ఉత్తరం చదివిన మర్నాడే యార్డుకు వెళ్లాను. మిరపకాయల ఘాటుకు తుమ్ముతూనే క్షమించమని అడిగాను. సోమన్న నెత్తి మీద బస్తా దించకుండానే "సరే మేడం, సాయంత్రం వస్త" అన్నాడు. భాస్కర్ కూడా వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. నా రూల్ తీసేశాను. మీ రూలే ఉంది.

గోల్స్ కూడా ఉన్నాయి. మీరు చెప్పింది నిజమే. నోరు తెరవని డిఫెన్స్ మునిగిపోతుందన్నదీ నిజమే. ఈ రెండింటినీ ఒకే గ్రౌండులో ఎట్లా నడపాలో ఆ కోర్సులో చెప్పలేదు. నంబర్లతో పిలుచుకోమన్నాను. నాగేందర్ "ఐదో నంబరు అన్నా, జర వదులుండ్రి" అంటున్నాడు. చప్పట్లు కొట్టమన్నాను. మెచ్చుకుంటున్నారనుకుని సోమన్న ఇంకా ముందుకు దూకుతున్నాడు. కీపర్‌ను మారుద్దామంటే రెండో కీపర్ ఇంకా చిన్నవాడు, వాడికి నాగేందర్ కూడా అన్నే. సోమన్నే స్వయంగా "తమ్మీ, నువ్వు గట్టిగ అను, నేనేమనుకోను" అని చెప్పి చూశాడు. "అట్లనే అన్నా" అని తల ఊపి, మళ్లీ అదే పాట.

కోదాడ మ్యాచ్‌కు మీరు రావద్దు. కోపంతో అనడం లేదు. మీరు గీత దగ్గర కనిపిస్తే వీళ్లు ఇంకా మర్యాదస్తులైపోతారు, బంతికి కూడా నమస్కారం పెడతారు. ఇంట్లో ఉండి ప్రార్థన చేయండి. ఫలితం నేను రాస్తాను.

కృప


మిర్యాలగూడ,
ఫిబ్రవరి 2

కృపకు.

నువ్వు రావద్దన్నా వచ్చాను. మీ పెద్దమ్మకు మోకాళ్ల కోసం దవాఖానకు అని చెప్పి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సెక్కాను. నెత్తి మీద తువ్వాలు కప్పుకుని మన గోల్ వెనక, చెరుకు రసం బండి చాటున నిలబడ్డాను.

మొదటి గోల్ పడినప్పుడు నువ్వు రాసిందంతా నా చెవులతో విన్నాను. "అన్నా, జర..." అక్కడికే అయిపోయింది. నువ్వు ఎగతాళిగా రాశావనుకున్నాను, తగ్గించే రాశావు. ఇన్నేళ్లూ బెంచీ దగ్గర గీత మీద నిలబడ్డానే గానీ, గోల్ వెనకకు వచ్చి ఒక్కసారి కూడా వినలేదు. తర్వాత భాస్కర్ గారు పైకి వెళ్లి ఎట్లాగో ఒకటి వేశారు. ఒకటీ ఒకటీ. ఇంకాసేపు ఆపుకుంటే చాలు.

అప్పుడు ఆ బంతి వచ్చింది. ఎత్తుగా, నేరుగా ఇద్దరి మధ్యకి. సోమన్న గారు బంతినే చూస్తూ వెనక్కి పరిగెత్తుతున్నారు. నాగేందర్ గారు చేతులు చాచి ముందుకు వస్తున్నారు. నోరు తెరిచారు. అది "అన్నా" అని నాకు తెలిసిపోయింది. ఆ మాట పూర్తయ్యేలోపు నా జట్టు ఉండదని కూడా తెలిసిపోయింది.

"సోమన్నా, వదిలెయ్ రా" అని అరిచాను.

నేనే అరిచాను. గొంతు నాదో కాదో నాకే తెలియలేదు. సోమన్న గారు మేకు కొట్టినట్టు ఆగిపోయారు. బంతి ఆయన తల మీదుగా పోయి నాగేందర్ గారి చేతుల్లో పడింది. సోమన్న గారు బంతి వైపు చూడలేదు. వెనక్కి తిరిగి నన్ను చూశారు. తువ్వాలు ఎప్పుడు జారిపోయిందో తెలియదు. ఆ చూపు తట్టుకోలేక బస్టాండుకు వచ్చేశాను. విజిల్ కూడా వినలేదు.

డ్రా అయిందని రాత్రి భాస్కర్ గారు ఫోన్ చేసి చెప్పారు. సోమన్న గారు చేయలేదు. ఇరవై ఆరేళ్లుగా ప్రతి మ్యాచ్ తర్వాత ముందు నాతో మాట్లాడేది ఆయనే.

పటేలు మనవడు ఆరేళ్ల వయసులో తెలియక అన్నాడు. నేను అరవై మూడేళ్లు వచ్చి, అన్నీ తెలిసి, అంతమంది ముందు అన్నాను. జట్టు మిగిలింది, మంచిదే. నువ్వే చూసుకో. ఆయనకు నా తరఫున క్షమాపణ చెప్పు. నేను ఇక ఆ గ్రౌండుకు రాను. రాలేను.

పెద్దనాన్న


సూర్యాపేట,
ఫిబ్రవరి 6

పెద్దనాన్నకు వందనాలు.

ఉత్తరం మాట అటుంచి, దవాఖాన సంగతి పెద్దమ్మకు నేనే ఫోన్ చేసి చెప్పాను. అనుభవించండి. కోచ్ రావద్దంటే వచ్చినందుకు నా కోపం వేరే ఉంది.

మీరు వెళ్లిపోయాక జరిగింది చెబుతాను. బంతి పట్టుకున్న నాగేందర్ ఆ సంబరంలో దాన్ని నేరుగా కోదాడ అబ్బాయి కాళ్ల దగ్గరికే విసిరాడు. నా ప్రాణం పోయింది. ఆ అబ్బాయి తిరిగి ఎత్తుగా కొట్టాడు. ఈసారి నాగేందర్ కళ్లు మూసుకుని "నాది, వదులు" అని కేక పెట్టాడు. అన్న లేదు, జర లేదు. సోమన్న వదిలేశాడు. విజిల్ వేయగానే నాగేందర్ పరిగెత్తుకెళ్లి "సారీ అన్నా, సారీ అన్నా" అని బస్సెక్కేదాకా ఆయన వెంటే తిరిగాడు.

బస్సులో అందరూ పాటలు పాడుతున్నారు. సోమన్న మాత్రం ఆఖరి సీట్లో ముఖం మీద తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మీరు అనుకున్నదే నేనూ అనుకున్నాను. వెళ్లి పక్కన కూర్చుని, సార్ కావాలని అనలేదు, మిమ్మల్ని బాధపెట్టాలని కాదు అని ఏదో చెప్పబోయాను. ఆయన నన్ను ఆపాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"మేడం, మా నాయిన నా చిన్నప్పుడే పాయె. అప్పటిసంది నన్ను రా అన్నోళ్లందరు పని చెప్పెటోళ్లే. సారు 'మీరు' అంటుంటే మంచిగనే ఉండె. గని దోస్తులను వాళ్ల నాయినలు రా అని పిలుస్తుంటే, సారు గూడ నన్ను ఒక్కపారి గట్ల పిలిస్తే ఎట్లుంటదో అనుకునేటోన్ని. ఎవ్వలకు చెప్పలే. ఇయ్యాల పిలిసిండు. కాళ్లు ఆడలే మేడం. నేను బంతికి ఆగలే, ఆ పిలుపుకు ఆగిన."

నిన్న మీ ఉత్తరం అందగానే యార్డుకు వెళ్లాను. సోమన్న మీకు ఫోన్ చేయడానికి రోజూ పేరు తీసి చూసి పెట్టేస్తున్నాడట, ఏడుపొస్తుందని. మీరు ఇక రారని మీ ఉత్తరంలో ఉన్నది చెప్పాను. నెత్తి మీద బస్తా దించాడు. తర్వాత "మల్ల వస్తే 'మీరు' అంటడా మేడం, 'రా' అంటడా?" అని అడిగాడు.

నాకు తెలియదన్నాను. మంగళవారం సాయంత్రం ప్రాక్టీసు ఉంది. వచ్చి మీరే చెప్పండి.

కృప